నూట ఎనిమిది పద్యాల మధ్యాహ్నం

నా మొదటి కావ్యాన్ని తలచుకుంటే నాకు ముందు భయం వేస్తుంది. నవ్వు ఆ తరువాత, అదీ బాగా ఆలస్యంగా వస్తుంది. యాభై ఏళ్ళు దాటినా ఈ వరుస మారలేదు. సాహిత్యసభ ముగిసి మిత్రులు కాఫీకి కూర్చున్నప్పుడు తొలి రచనల ముచ్చట్లు వస్తాయి. ఒకరు పత్రిక వాళ్ళు తిప్పి పంపిన కథ గురించి చెబుతారు, మరొకరు కల్యాణమంటపంలో ఎవరూ వినని పంచరత్నాల గురించి చెబుతారు. నా వంతు వచ్చేసరికి నేను ఏదో పని జ్ఞాపకం వచ్చినట్టు లేస్తాను. నా తొలి కావ్యం ఒక మనిషిని చావు గడప దాకా తీసుకుపోయిందని నలుగురిలో చెప్పడం ఎలాగో నాకు తెలియదు. రాయడం కొంత సులభమనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ఎమ్మిగనూరులో మాది మగ్గం మీద బతికిన ఇల్లు. మా వీధి చివర ఉండే నేతపనివారు ఒకరు నాకు గురువు. ఆయన బడిలో చదువుకున్నది తక్కువ. తండ్రి దగ్గర నేర్చిన సంస్కృతాంధ్రాలు మాత్రం సముద్రమంత. గుంటమగ్గంలో కాళ్ళు దించి నేస్తూనే పాఠం చెప్పేవారు. నేను గుంట గట్టు మీద కూర్చుని పద్యం అప్పజెప్పాలి. నా పద్యం సరిగా నడుస్తున్నంతసేపు మగ్గం నడిచేది. తప్పు దొర్లితే ఆయన ఒక్క మాట కూడా అనేవారు కాదు, పోగును దాటించే నాడె విసరడం ఆపేసేవారు. ఆ నిశ్శబ్దం కంటే చెంపదెబ్బ నయమని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. పదేళ్ళు అలా చదివి, ఛందస్సూ అలంకారశాస్త్రమూ కంఠస్థం చేసి, ఇరవై ఒకటో ఏట ఆదోనిలో ఒక పత్తి మండీలో ఉత్తరాలు రాసే ఉద్యోగానికి కుదిరాను.

ఆ మండీ యజమాని ఒక సాహెబుగారు. అప్పటికి యాభై అయిదేళ్ళు ఉంటాయి. భారీ మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. తెలుగు చదవడం రాదు కాని పద్యమంటే ప్రాణం. చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం ఆడినా జట్కా కట్టించుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చునేవారు. నచ్చిన పద్యాన్ని నటుడి చేత మూడుసార్లు పాడిస్తే గాని వదిలేవారు కాదు. ఒకనాడు నేను ఉత్తరం రాస్తూ లోలోపల ఏదో గొణుక్కోవడం విని, నవ్వుతూ అన్నారు:

"ఏమప్పా, నువ్వు పద్యాలు కడతావంట గదా. రాజుల మీదనే కట్టల్లనా, మా మాదిరోళ్ళ మీద కట్టగూడదా?"

పరిహాసానికి అన్న మాట అది. నేను దానిని రాజాజ్ఞగా గ్రహించాను. పూర్వం కావ్యం రాసిన కవి దానిని ఒక కన్యగా భావించి, తగిన ప్రభువు చేతిలో పెట్టేవాడు. ఆ ప్రభువును కృతిపతి అంటారు. రాజులు పోయిన కాలంలో పుట్టానని అంతవరకు నేను లోలోపల కుమిలిపోతుండేవాణ్ణి. హఠాత్తుగా నాకు పత్తిబేళ్ళ మధ్య కృతిపతి దొరికాడు.

నాలుగు నెలలు రాశాను. దూది నలుసులు ముక్కులో చేరి, సరిగ్గా యతిస్థానంలో తుమ్ము వచ్చేది. నూట ఎనిమిది పద్యాల్లో ఆయనను మేరువుతో, సముద్రంతో, కల్పవృక్షంతో పోల్చాను. తలగుడ్డను కిరీటం చేశాను. ఆయన జట్కాగుర్రానికి ఒక కన్ను లేదు, వెనకకాలు కొంచెం ఈడ్చేది. నా నలభై ఏడో పద్యంలో అది ఇంద్రుడి ఉచ్చైఃశ్రవం. మొదటి పద్యం ఒక సీసం. 'పత్తిలో తెలుపును పంచిపెట్టిన చేయి' అని దాని ఎత్తుగడ. పత్తికి తెలుపు ఇచ్చినవాడు సాహెబుగారేనని నేను చెప్పిన సంగతి ఆయనకు అర్థమై ఉంటే చెవులు మూసుకుని ఉండేవారు. పరమాత్మ పనులు తనకు అంటగట్టడం ఆయన మతంలో కుదరదు. అదీ నాకు తోచలేదు.

పుష్యమాసంలో ఒక శుక్రవారం, మధ్యాహ్నపు నమాజు ముగిసి మండీలో పని లేని వేళ, కావ్యపఠనం ఏర్పాటైంది. ఒక పత్తిబేలు మీద తెల్ల దుప్పటి పరిచి సాహెబుగారు చేరగిలబడ్డారు. నలుగురు హమాలీలు కింద కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడైన ఒక హమాలీ నా కట్టను చూసి, "అంతా ఈ పొద్దే సదవల్లనా అయ్యోరా?" అని అడిగాడు. రసభంగమని అతని వైపు చూడకుండా కట్ట విప్పాను.

ఇప్పుడు రాయవలసినది రాయాలి.

అలంకారశాస్త్రంలో సాత్త్వికభావాలు ఎనిమిదని చెబుతారు. మనసు రసంలో మునిగినప్పుడు దేహం తనంత తాను చూపే గుర్తులవి: మాన్పడిపోవడం, చెమర్చడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, రంగు మారడం, కన్నీరు, చివరిగా ప్రళయమనే మూర్ఛ. మంచి కవిత్వం విన్న రసికునిలో ఇవి పుడతాయని నేను పుస్తకాల్లో చదివాను. కళ్ళారా ఎన్నడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం చూశాను.

ముప్పయ్యో పద్యం దాటిన తరువాత సాహెబుగారు కదలడం మానేశారు. మాన్పడిపోయే స్తంభమనుకున్నాను. నలభయ్యో పద్యం దగ్గర ఆయన నుదుట చెమట పట్టింది. చలి ఇంకా పోని రోజులవి. హమాలీలు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. స్వేదమనుకున్నాను. నా గొంతులో కొత్త బలం వచ్చింది. పెద్ద హమాలీ లేచి, "సాబ్, నీళ్ళు తెద్దునా?" అన్నాడు. సాహెబుగారు వద్దని చేయి ఊపారు. ఆ చేయి వణికింది. నాకు ఆనందం పట్టలేదు. అరవయ్యో పద్యంలో ఆ చేయి గుండె మీదికి పోయి అక్కడే నిలిచింది. పద్యం అంతదూరం చొచ్చుకుపోయిందని తలచి దానిని మళ్ళీ చదివాను. "బాగుండాదప్పా, బాగుండాది," అన్నారు. గొంతు పూర్తిగా మారిపోయింది. ఇంకొకసారి కోరుతున్నారనుకుని మూడోసారి చదివాను. ముఖం తెల్లబోయింది. ఎనభై దాటాక కంటి కొసలో నీరు నిలిచింది. ఒళ్ళు గగుర్పొడిచిందో లేదో చొక్కా చేతుల కింద కనబడలేదు, ఉండే ఉంటుందనుకున్నాను. మూర్ఛ ఒక్కటి రాలేదు. రాలేదే అని లోపల కొంచెం వెలితిగా అనిపించింది కూడా. ఈ వాక్యం దగ్గర నా కలం ఈనాటికీ ఆగుతుంది.

నూట ఎనిమిదీ ముగిసేసరికి సాయంకాలపు నమాజుకు పిలుపు వినిపించింది. ఆయన నా తల మీద చేయి పెట్టారు. చేయి చల్లగా ఉంది. హమాలీ భుజం పట్టుకుని జట్కా ఎక్కి ఇంటికి వెళ్ళారు. ఆదోని వీధుల్లో ఆ సాయంత్రం నా కాళ్ళు నేలకు ఆనలేదు.

మరునాడు పొద్దున మండీ తలుపులు తెరవలేదు. వాకిట్లో పెద్ద హమాలీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"సాబ్‌ను ఆసుపత్రిలో ఏసినారు. ఎదలో మంట, మంట అని ఒకటే పొర్లినాడంట. బతికేది కష్టమని అనుకుంటాండారు."

అతను నా వైపు అదోలా చూసి, "నువ్వేం మంత్రం సదివినావో ఏమో గాని అయ్యోరా, నిన్న నువ్వు మొదులు పెట్టినప్పటి నుంచే ఆయప్ప మనిషి మనిషిగా లేడు," అన్నాడు. ఎకసక్కెంగా అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. మంట అన్న మాట మాత్రం నాలో దిగబడింది. సంచిలోంచి కట్ట తీసి మొదటి పద్యం చూశాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

ఛందస్సు చదవనివారి కోసం చెబుతాను. పద్యంలో మూడేసి అక్షరాల పొందికను గణమంటారు. ఒక్కొక్క గణానికి ఒక దేవత, ఒక ఫలం ఉన్నాయని పూర్వులు రాశారు. కావ్యం మంచి గణంతో మొదలైతే కృతిపతికి శుభం, చెడ్డ గణంతో మొదలైతే కీడు. అందుకే పెద్దలు శ్రీకారంతో మొదలుపెట్టేవారు. నేను కొత్తదనానికి ఆశపడి 'పత్తిలో' అని ఎత్తుకున్నాను. అది రగణం. దాని దేవత అగ్ని. దాని ఫలం మృత్యువు. పన్నెండో ఏట గట్టు మీద కూర్చుని వల్లించిన శ్లోకమే. నాలుగు నెలల్లో ఒక్కనాడూ గుర్తు రాలేదు. బీడీ ముట్టించినవాణ్ణి మెడపట్టి గెంటే పత్తి మండీలోకి నేను నిప్పును పట్టుకొచ్చి యజమాని గుండెలో పెట్టానని ఆ క్షణంలో సంపూర్ణంగా నమ్మాను.

ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. లోపలికి అడుగు పడలేదు. నేను ఎదురుగా పోతే ఆ నిప్పు ఇంకా రేగుతుందేమోనని భయం. శాంతి ఏదైనా ఉంటే గురువుగారికే తెలియాలని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఆ ప్రయాణం నేను మరచిపోలేను. కిటికీ పక్కన కూర్చుని నాకు నేనే తర్కించుకున్నాను. గణదోషం పనిచేసేది నిజమైన కవిత్వానికే. నా కావ్యం గొప్పదైతే ఆయన బతకడు. ఆయన బతకాలంటే నా కావ్యం పనికిమాలినదై ఉండాలి. నాలుగు నెలలుగా అమరకావ్యమని నమ్మినదానిని ఒళ్ళో పెట్టుకుని తప్పుల కోసం వెదకసాగాను. తొమ్మిదో పద్యంలో యతి చెడింది. ప్రాణం లేచి వచ్చింది. నలభై ఏడులో గుర్రం ఉపమానం కుంటింది. ఆ గుర్రానికే నమస్కరించాను. ఊరు దగ్గర పడేసరికి పదకొండు దోషాలు దొరికాయి. పక్క సీటులో గంప పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ, "ఏమి నాయనా, పరీచ్చ పాసయినావా?" అని అడిగింది. నేను తలూపాను. మరుక్షణం ఎదలో మంట అన్న మాట గుర్తుకొచ్చి మళ్ళీ కట్ట విప్పాను. పదకొండు చాలవేమో.

గురువుగారు మగ్గంలో ఉన్నారు. నేను గట్టు మీద కూలబడి జరిగింది చెప్పి, మొదటి పద్యం చదివాను. నాడె ఇటూ అటూ పోతూనే ఉంది.

"రగణమే," అన్నారు. "అగ్గే. అయితే ఏమిప్పుడు?"

"కృతిపతికి మృత్యువని మీరే కదా చెప్పారు."

"అది కావ్యానికి సెప్పిన మాట గదరా. నీది కావ్యమని నీకెవురు సెప్పినారు?"

నేను చేతిలోని కట్ట వైపు చూశాను.

"పత్తికి తెలుపు పంచిపెట్టినాడంట. ఇంగ సున్నానికి ఎవురు పంచినారో? ఇట్లాంటిదానికి అగ్నిదేవుడు పనిమాలా లేసొస్తాడా? ఆయప్పకు యజ్ఞాలు లేవా, పొయ్యిలు లేవా? నిమ్మళంగుండు."

తన కవిత్వం పనికిరాదని విని నా అంత సంతోషించిన కవి మరొకడు ఉండడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన కాళ్ళకు మొక్కుదామంటే అవి గుంటలో ఉన్నాయి. నన్ను అంత ఎగతాళి చేసినందుకు జాలి కలిగిందేమో, గురువుగారు గొంతు తగ్గించి, "నూటెనిమిదీ విన్న్యాడా పాపం? యెట్లుండె ఆయప్ప వినేటప్పుడు?" అని అడిగారు.

కొంచెం గర్వం తిరిగి వచ్చింది. కావ్యం కాకపోయినా రసం పుట్టిందని నిరూపించాలనిపించింది. స్తంభం నుంచి ఎత్తుకుని ఒక్కొక్క భావమూ ఏ పద్యంలో పొడసూపిందో వరుసగా చెప్పాను. స్వేదం దగ్గరికి వచ్చేసరికి మగ్గం ఆగింది.

"సెమట పట్టిందా?"

"పట్టింది."

"పుష్యమాసంలో."

"అవునండీ."

"ఎదమీద సెయ్యి ఎప్పుడు పెట్టుకున్యాడు?"

"అరవై దగ్గర."

"ఆమీట నువ్వు ఎన్నిటి దాకా సదివినావు?"

"నూట ఎనిమిది." ఆ నిశ్శబ్దంలో అబద్ధం ఆడలేక, "కొన్ని మూడేసిసార్లు," అని కూడా చెప్పాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. పదేళ్ళలో ఎన్నిసార్లో మగ్గం ఆగింది కాని, అలా ఎన్నడూ చూడలేదు.

"అగ్గి మీదికి ఎందుకు నెడతావురా," అన్నారు. "గుండెనొప్పి మనిషి కండ్ల ముందర కూసోనుంటే, నువ్వు సూడక కాదు, సూసినావు. సూసి పేర్లు పెట్టుకుంటా కూసున్యావు."

నేను మళ్ళీ ఆయన కాళ్ళ గుంట వైపు వంగబోయాను.

"లెయ్. ఈడ నాకు మొక్కేదేమీ లేదు. ఆడికి పో."

తిరుగు బస్సులో కట్ట విప్పలేదు. పొద్దుటి భయం దేవత మీది భయం. దేవతకు శాంతి ఉంటుంది, జపం ఉంటుంది, మొదటి మాట మార్చి శ్రీకారం పెట్టుకోవచ్చు. ఈ భయానికి అలాంటివేవీ లేవు. నలభయ్యో పద్యం దగ్గర ఆపి ఉంటే ఆయన అప్పుడే వైద్యుని దగ్గర ఉండేవారు. ఆపకపోవడానికి కారణం నా చదువు. ఏమీ చదువుకోని హమాలీ నీళ్ళు తేవాలనుకున్నాడు. పదేళ్ళు చదివిన నేను మూర్ఛ కోసం ఎదురుచూశాను. బస్సు ఎక్కడ ఆగినా ఆసుపత్రి వాకిట్లో జనం గుమికూడి ఉన్నట్టు కళ్ళకు కట్టేది. ఆదోనిలో దిగి, పరుగెత్తడానికి కూడా భయపడి, నడుచుకుంటూ వెళ్ళాను. నడిచినంతసేపు ఆయన బతికే ఉంటారన్నట్టు.

వాకిట్లో జనం లేరు. గది బయట బల్ల మీద సాహెబుగారి భార్య కూర్చుని ఉంది. ముసుగు సవరించుకుని నన్ను చూసింది. ఆమె ఏమి చెబుతుందో వినకముందే నేను చెప్పేయాలనుకున్నాను.

"అమ్మా, నిన్న ఆయనకు చెమట పట్టడం నేను చూశాను. చూసి కూడా చదవడం ఆపలేదు."

"తెలుసు బేటా," అంది. "నొప్పి ఎప్పుడు మొదులైందని డాక్టరు అడిగితే, నలభయ్యో పద్యం కాడ అని సెప్పినాడు మీ సాబు. మతి తప్పిందేమో అని డాక్టరు భయపడిపోయి నన్ను అడిగినాడు."

నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వలేదు.

"ఎందుకు లేసి రాలేదని నేనూ అడిగినా. పిల్లోడు నాలుగు నెల్లు కూసోని రాసినాడు, నడుమ లేస్తే వాని మనసు ఇరిగిపోతాదని అన్న్యాడు. మీ ఇద్దురికీ బుద్ధి లేదు." ఆమె బల్ల మీంచి లేచింది. "రెండు దినాలు గడిస్తే భయం లేదంట. నేను ఇంటికి పోయి గంజి కాంచుకోని వస్తా. లోపల కూసో. మొకం సూస్తా ఉండు. సెమట పడితే నర్సును పిలువు."

తన భర్త ముఖాన్ని ఆమె నాకు, ఆ పనిలో ముందునాడే ఓడినవాడికి, ఎలా అప్పగించి వెళ్ళిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇనుప మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నిద్రలో ఉన్నారు. గోరింటాకు గడ్డం కింద గొంతు మెల్లగా కదులుతోంది. పెదవి కదిలితే ఉలిక్కిపడ్డాను. కనుబొమ ముడిపడితే లేచి నిలబడ్డాను. శ్వాస ఒకటి కొంచెం ఆలస్యమైతే నా శ్వాస ఆగింది. పదేళ్ళ చదువులో ఒక మనిషి ముఖాన్ని అంతసేపు ఊరకే చూసి ఎరుగను. అలా ఎంతసేపు గడిచిందో, ఆయన నుదుటి మీద ఒక్క చెమటబొట్టు మెరిసింది. నేను వరండాలోకి పరుగెత్తి కేక వేశాను. నర్సు పరుగున వచ్చి నాడి చూసి, తల పైకెత్తి, ఆగిపోయిన ఫ్యాను వైపు చూపింది.

"కరెంటు పోయిందప్పా. కిటికీలు మూసిన గది, ఉక్కపోస్తాండాది. నీకూ పట్టిండాది సూసుకో."

నుదురు తడుముకున్నాను. నిజమే. ఆమె నన్ను కసురుకోకుండా, అక్కడున్న అట్టముక్క ఒకటి నా చేతికిచ్చి వెళ్ళింది. దానితో విసురుతూ మళ్ళీ చూడసాగాను.

ఈ అలికిడికి సాహెబుగారు కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టడానికి కొంత వ్యవధి పట్టింది. గుర్తుపట్టగానే ఆ కళ్ళలో కనిపించినది భయమని, ఏ గ్రంథమూ తిరగేయకుండానే, నాకు తెలిసింది. చూపు నా చేతిలోని అట్ట మీదికి పోయి అక్కడే ఆగింది.

"కాగితాలు తెచ్చినావా అప్పా?" అన్నారు, పీలగా.

"లేదు సాబ్."

"నిజంగానా?"

అట్టను ఒళ్ళో పెట్టి రెండు చేతులూ చాచి చూపించాను. ఆయన ఒకదాని తరువాత ఒకటి, రెండింటినీ చూశారు.

"అట్లయితే కూసో," అని కళ్ళు మూసుకున్నారు.